దివాన్ ఏరుకున్న కూజా

వెనకటికి ఒక సీమలో దివాన్ తవ్వించిన కోటబావి నీళ్ళు తాగి జనం అరచేతులు నల్లబడి చచ్చిపోతున్నారు. కమ్మరి ఎర్రమ్మ ఇంట్లో మాత్రం ఎవరికీ ఏమీ కాలేదు. ఆమె ఆ నీళ్ళనే ఇసుక, తుప్పుపట్టిన ఇనపముక్కలు వేసిన కుండలో వడకట్టి తాగుతోంది. ఇరుగుపొరుగుకీ పోస్తోంది.

బావికి చెడ్డపేరు వస్తే తన తల పోతుందని దివాన్‌కి తెలుసు. "ప్రభూ, బావి బంగారం. జనాన్ని చంపుతోంది ఈవిడ తుప్పు విషమే!" అన్నాడు. రాజు నమ్మాడు. ఎర్రమ్మకి మరణశిక్ష వేశాడు.

బయట తలారి కత్తి నూరుతున్న చప్పుడు. ఎర్రమ్మ చివరి కోరికగా రెండు మట్టికూజాలు తెప్పించింది.

"మహాప్రభో, ఒకదాంట్లో ఉత్త బావినీళ్ళు, ఇంకోదాంట్లో నా తుప్పునీళ్ళు. ఏది ఏదో చెప్పను. దివాన్‌గారు తమకి నచ్చింది తాగితే చాలు."

రాజు కానిమ్మన్నాడు. దివాన్ రెండూ వాసన చూశాడు. ఒకటి ఎత్తి గటగటా తాగేశాడు.

ఎర్రమ్మ ఆ కూజానే బోర్లించింది. తుప్పుమేకులు గలగలా రాలాయి.

"విషమన్నదాన్నే ఏరుకుని తాగారేం, దివాన్‌జీ?" అన్నాడు రాజు.

జవాబు ఎర్రమ్మ చెప్పింది. "మొన్న వారి వంటవాడు మా కొలిమి దగ్గర గంపెడు తుప్పుమేకులు పట్టుకెళ్ళాడు, ప్రభూ. వారికీ ప్రాణం తీపేగా!"

రాజు రెండో కూజా దివాన్ ముందుకి జరిపాడు.

"బావి బంగారమన్నారుగా. తాగండి."

బయట కత్తి నూరే చప్పుడు ఇంకా ఆగలేదు.