పావుగంట పట్టుకోవలసిన వైరు

ఇళ్లలో ఇంటర్నెట్ పోతే వెళ్లి బాగుచేసే గంగరాజు మాస్టారికి ఒక అలవాటుంది. లోపం ఎక్కడుందో ఇంటివాళ్లకు చూపిస్తారు, మళ్లీ రాకుండా ఏం చేయాలో ఓపిగ్గా చెబుతారు. అది ఎవరి వల్ల వచ్చిందో మాత్రం చెప్పరు. మోడెం మీద కాఫీ ఒలికినా, చీపురు తగిలి తీగ తెగినా, ఆయన నోట వచ్చేది ఒకటే మాట. వైరు పాతబడిందండీ, అన్నిచోట్లా ఇంతే అంటారు. సామర్లకోట చుట్టుపక్కల ముప్పయ్యేళ్లు టెలిఫోను తీగలు లాగి, రిటైరయ్యాక ఈ పనిలోకి దిగిన మనిషి. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఈ జిల్లాలో పాతికమందికి తక్కువ ఉండరు. వాళ్లందరికీ ఆయన గురువే. ఆ మాట ఎదుట అంటే నవ్వేస్తారు గానీ, కాదనరు.

ఆ పాతికమందిలో ఆఖరున చేరింది ఎస్తేరు. ముప్పై దాటిన మనిషి, డిప్లొమా చదువుకుంది, కీబోర్డు ముందు కూర్చుంటే ఆమె వేళ్లకు పట్టపగ్గాలుండవు. పని తొందరగానే పట్టుబడింది గానీ, మాస్టారి ఈ అలవాటు ఒక్కటీ ఆమెకు మింగుడుపడలేదు. కిందటివారం ఒక ఇంట్లో ఇంటాయనే మోడెం విసిరికొట్టాడని పగిలిన మూల చూస్తే తెలిసిపోతోంది. ఆయన పెళ్లాం మీద విరుచుకుపడుతుంటే, మాస్టారు వైరు పాతదని చెప్పి, కొత్తది వేసి వచ్చేశారు. ఎస్తేరు వారం రోజులు ఆ కోపాన్ని కడుపులో పెట్టుకుని తిరిగింది. చివరికి ఒక ఉదయం, ఆయన స్కూటర్ తుడుచుకుంటుండగా అడిగేసింది.

"మాస్టారూ, తప్పు ఎవరిదో తెలిసి కూడా చెప్పకపోతే అది అబద్ధం కాదంటారా?"

ఆయన గుడ్డ మడిచి సీటు కింద పెట్టి, ముందు ఎక్కమన్నారు. పదకొండింటికల్లా ఒక ఇంట్లో నెట్ రావాలట.

ఆ ఇల్లు రైలుగేటుకు అవతల ఉంది. గుమ్మంలోనే నూకరత్నమ్మ ఎదురొచ్చింది. ఒక్క ఊపిరిలో సంగతంతా చెప్పేసింది. ఆమె కొడుకు వీరబాబు తాగి లారీ నడిపాడు. సైకిలు మీద ఇంటికెళ్తున్న ఒక మనిషి ఆ లారీ కింద పడి చనిపోయాడు. కోర్టు శిక్ష వేసింది, జైలుకెళ్లి ఎనిమిది నెలలైంది. ఈమెకు మోకాళ్ల నొప్పులు, బస్సెక్కి అంత దూరం పోలేదు. పదిహేను రోజులకొకసారి జైలువాళ్లు వీడియోలో ములాఖత్ ఇస్తారు, పావుగంట. కొడుకు వదిలివెళ్లిన కంప్యూటర్‌లో మేనకోడలు అన్నీ అమర్చి పెట్టింది. ఆ పాస్‌వర్డులు ఈమెకు నోటికి రావు, చేతిలో ఉన్నది మీటల ఫోను. కాబట్టి మాట్లాడితే దానిలోనే మాట్లాడాలి. తీరా చూస్తే ములాఖత్ నాడే నెట్ పోతుంది. పోయినసారీ పోయింది, అంతకు ముందూ పోయింది. సాయంత్రానికల్లా దానంతటదే వచ్చేస్తుంది. అమ్మ కూడా నన్ను వదిలేసిందా అని వీరబాబు లాయరుతో అన్నాడట. అన్నం సరిగా తినడం లేదట. ఈసారి కూడా కనబడకపోతే వాడిక తన మాట నమ్మడని చెబుతూ, ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. గడియారం పది ఇరవై చూపిస్తోంది.

కిటికీ పక్కన కుర్చీలో ఆమె భర్త సింహాద్రి పేపరు పట్టుకుని కూర్చున్నాడు. ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి దిగిపోయాడు. ముప్పయ్యొక్క ఏళ్లలో ఒక్క ప్రమాదం చేయలేదని డిపోలో ఇచ్చిన పత్రం అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నాడు. శిక్ష పడిన రోజున నాకు కొడుకు లేడన్నాడు. ఆ తర్వాత వాడి పేరు ఆయన నోట రాలేదు, వాడి మాట ఆయన ముందు ఎవరూ ఎత్తలేదు. వచ్చినవాళ్లను చూసి తలూపాడు. పేపరులో పేజీ మాత్రం తిప్పలేదు.

ఎస్తేరు కంప్యూటర్ ముందు కూలబడింది. తెర మీద నెట్‌వర్క్ గుర్తుకు ఎర్ర ఇంటూ ఉంది. ఆపి మళ్లీ పెట్టింది. సెట్టింగులన్నీ తుడిచి కొత్తగా రాసింది. ఒక ప్రోగ్రాం తీసేసి మళ్లీ ఎక్కించింది. ఒకటి కుదరకపోతే ఇంకొకటి, అదీ కాకపోతే రెండూ కలిపి. తెలిసిన విద్య అంతా ప్రయోగించింది గానీ, ఇంటూ చెక్కుచెదరలేదు. పది నలభై అయ్యేసరికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. వెనకాల నూకరత్నమ్మ నిలబడి ఉంది. ఏమీ అడగడం లేదు, అదే ఎక్కువ బాధగా ఉంది.

మాస్టారు కంప్యూటర్ జోలికే రాలేదు. ముందు గోడ మీది మోడెం దగ్గర నిలబడి దాని లైట్లు చూశారు. వీధిలోంచి వచ్చే లైను బాగానే ఉంది. ఇక్కణ్ణుంచి కంప్యూటర్‌కు వెళ్లే వైరు లైటు ఒక్కటే వెలగడం లేదు. ఆ వైరును రెండు వేళ్ల మధ్య పట్టుకుని, దాని వెంటే నడుచుకుంటూ గోడ చుట్టి, అలమార వెనకగా వచ్చి, బల్ల కింద మోకాళ్ల మీద కూర్చున్నారు. కంప్యూటర్ పెట్టె వెనక్కి తొంగిచూసి, టార్చి పట్టమని ఎస్తేరును పిలిచారు.

వైరు కొస దాని గూట్లోనే ఉన్నట్టుంది, కానీ లేదు. వెంట్రుకవాసి బయటికి వచ్చి ఉంది. ఆ కొసకు చిన్న ప్లాస్టిక్ నాలుక ఉంటుంది. దాన్ని వేలితో నొక్కి లాగితే తప్ప అది ఊడి రాదు. పిల్లి తోసినా, చీపురు తగిలినా రాదు. నాలుక విరిగిందేమోనని చూసింది ఎస్తేరు, నిక్షేపంగా ఉంది. పెట్టె మీద నెలల దుమ్ము పేరుకుంది. ఆ దుమ్ములో వెడల్పాటి అరచెయ్యి, అయిదు వేళ్లూ, అచ్చు గుద్దినట్టు పడి ఉన్నాయి. నూకరత్నమ్మ చేతులు పుల్లల్లా ఉంటాయి. ఎస్తేరు తలెత్తి కిటికీ వైపు చూసింది. సింహాద్రి పేపరు కిందికి దించి ఇటే చూస్తున్నాడు. ఆమె కళ్లను తప్పించుకుని మళ్లీ పేపరు ఎత్తాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కన్నకొడుకు జైల్లో అన్నం మానేశాడని తెలిసీ, ఈ పెద్దమనిషి నెలరోజులుగా తల్లిని ఏడిపిస్తున్నాడు. చెప్పవలసిన మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. నోరు తెరవబోయేసరికి మాస్టారు ఆమె మణికట్టు పట్టుకున్నారు, చిన్నగా, బల్ల కింద ఎవరికీ కనబడకుండా. తర్వాత నడుం పట్టుకుని లేచారు.

"సింహాద్రి గారూ, ఈ వైరు కొస వదులైపోయిందండీ. కొత్తది వేద్దామంటే ఇప్పుడు నా దగ్గర లేదు. చేత్తో లోపలికి నొక్కి పట్టుకుంటే నెట్ ఉంటుంది, వదిలేస్తే పోద్ది. ఓ పావుగంట మీరు పట్టుకోవాలండీ."

ఎస్తేరు సంచీలో కొత్త కొసలు డబ్బాడు ఉన్నాయి. తను పట్టుకుంటానని చెయ్యి చాచింది. నువ్వు మోడెం దగ్గర ఉండాలన్నారు మాస్టారు. తన మోకాళ్లు వంగవని కూడా అన్నారు. అప్పటిదాకా వంగి ఉన్నవి ఆ మోకాళ్లే.

 నూకరత్నమ్మ భర్త వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది. ఎనిమిది నెలలుగా ఆయన్ని ఏమీ అడగకుండా ఉండడం ఆమెకు అలవాటైంది. ఆయన నా వల్ల కాదంటే ఎవరూ ఏమీ అనరు. పేపరు మడిచి వీధిలోకి వెళ్లిపోయినా అడిగేవాళ్లు లేరు. సింహాద్రి పేపరు మడిచాడు. కాసేపు దాన్ని ఒళ్లోనే ఉంచుకున్నాడు. తర్వాత లేచి వచ్చి, బల్ల పక్కన పీట మీద కూర్చుని, చెయ్యి పెట్టె వెనక్కి పోనిచ్చాడు. టక్కుమని చప్పుడైంది. మోడెం మీద లైటు వెలిగింది. చెయ్యి అక్కడే ఉంది.

పదకొండు కొట్టగానే తెర మీద వీరబాబు కనిపించాడు. జుట్టు కత్తిరించి ఉంది, మెడ సన్నబడింది. తల్లి ముందు తిన్నావా అనడిగింది. ఆ తర్వాత, నెట్ పోయిందిరా, నేను రాకపోవడం కాదు అని మూడుసార్లు చెప్పింది. అతను ప్రతిసారీ తలూపాడు. నమ్మినట్టు లేదు. మాటల్లో మాటగా, ఆ పోయినాయన భార్యకు ఉత్తరం రాశానని చెప్పాడు. క్షమించమని కాదట, ఆయన పేరు రోజూ తలుచుకుంటున్నానని మాత్రమే రాశాడట. జవాబు రాలేదు. రాకపోవడమే న్యాయం అన్నాడు.

ఆ మాటకు మోడెం మీద లైటు ఆరిపోయింది. తెర మీద వీరబాబు ముఖం కదలకుండా నిలిచిపోయింది.  నూకరత్నమ్మ బల్ల పక్కకు చూసింది. సింహాద్రి తల వంచుకుని ఉన్నాడు, చెయ్యి పెట్టె వెనకే ఉంది. నాలుగు ఊపిర్లు తీసుకునేంత సేపు అలాగే గడిచింది. మళ్లీ టక్కుమంది. లైటు వచ్చింది.

"మళ్లీ పోయిందామ్మా?" అన్నాడు వీరబాబు.

"లేదురా. వైరు వదులైంది. మీ నాన్న పట్టుకుని కూర్చున్నారు," అంది తల్లి.

వీరబాబు తెరకు దగ్గరగా వంగాడు.  

"నాన్నా, చెయ్యి లాగుద్దేమో. వదిలెయ్యి, పర్లేదు."

"నాకేం లాగట్లేదు," అన్నాడు సింహాద్రి, బల్ల వెనక నుంచి. "నువ్వు మాట్లాడు."

మిగిలిన కాసేపట్లో వాళ్లు మాట్లాడుకున్నది తక్కువే. ఎండలెలా ఉన్నాయని వీరబాబు అడిగాడు. బాగానే ఉన్నాయని తండ్రి చెప్పాడు. అన్నం తినమన్నాడు. సమయం అయిపోయి తెర దానంతటదే ఆగిపోయింది. సింహాద్రి చెయ్యి తీయలేదు. నూకరత్నమ్మ నొప్పి మోకాళ్లతోనే కిందికి దిగి, పీట పక్కన నేల మీద కూర్చుంది. మాస్టారు సంచీ భుజాన వేసుకుని, వెళ్లొస్తామని ఎవరికీ చెప్పకుండానే గుమ్మం దాటారు.

రైలుగేటు వేసి ఉంది. గూడ్సు బండి వెళ్తోంది. అది పూర్తిగా పోయేదాకా ఓపిక పట్టింది ఎస్తేరు.

"మాస్టారూ, ఆ వైరు వదులు కాలేదు కదండీ. మొదటిసారి నొక్కినప్పుడే బిగిసిపోయింది, నేను విన్నాను. పట్టుకోనక్కర్లేదు. మధ్యలో పోయింది ఆయన నొక్కి లాగితేనే."

గేటు లేస్తోంది. మాస్టారు స్కూటర్ స్టార్ట్ చేశారు.

"ఆయనకీ తెలుసమ్మా."