ఎర్రబడే గొట్టం, ఇద్దరన్నలు

ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని పోలిరాజుకీ, తమ్ముడు అప్పలకొండకీ గట్టి నమ్మకం. "ఎవరైనా అరువడిగితే మాత్రం ఇవ్వకన్నా, మనకి తగ్గిపోద్ది" అనేవాడు అప్పలకొండ.

వాళ్ళ చెల్లెలు పైడమ్మ పురిటికొచ్చింది. ఇంటి నూతి నీళ్ళలో సీసం ఉందేమోనని అందరికీ బెంగ. నీటి పరీక్షలు చేసే హిమజ అనే అమ్మాయి చిన్న గాజుగొట్టం తెచ్చి, "ఇందులో బతికున్న సూక్ష్మజీవులున్నాయి. విషలోహమున్న నీళ్ళు తగిలితే ఎర్రబడతాయి. రేపొచ్చి పరీక్ష చేస్తాను, అందాకా చల్లగా చూసుకోండి" అంది.

"ఎర్రబడితే నేను అత్తారింటికి పోతాను. కడుపులో బిడ్డకి ఆ నీళ్ళు పట్టలేను" అంది పైడమ్మ. అన్నలిద్దరూ గొట్టం ముందు కాపలా కూర్చున్నారు.

"బతికున్నవంటే ఆకలెయ్యదట్రా?" అన్నాడు పోలిరాజు. అంతే! ఒకడు గొట్టంలోకి ఒక్కో మెతుకే పెరుగన్నం వేస్తుంటే, ఇంకొకడు విసనకర్రతో చల్లగా విసిరాడు. మర్నాడు హిమజ చూసి నెత్తి కొట్టుకుంది. ఇంకో గొట్టం తెచ్చి, తనే నూతి నీళ్ళు పోసింది. కాసేపటికి ఎర్రబడింది.

"నీళ్ళలో లోహముంది" అంది.

ఇంకేముంది, అప్పలకొండ నూతిలోకి దూకి, ఎప్పుడో పడిపోయిన ఇనప బకెట్టు పైకి తెచ్చాడు!

"అది కాదు బాబూ, ఇది కంటికి కనపడే లోహం కాదు!"

"అలా చెప్పవేం తల్లీ! కళ్ళు మూసుకుని వెతుకుతాం."

అన్నదమ్ములిద్దరూ కళ్ళు మూసుకుని మునిగారు. బుర్రలు ఢీకొని బొప్పులతో తేలారు. హిమజ ఇక లాభం లేదని వీధి కుళాయి నీళ్ళు పరీక్షించింది. ఎర్రబడలేదు. "హమ్మయ్య! నూతి నీళ్ళకి బదులు ఇవి తెచ్చుకోండి" అని చెప్పి వెళ్ళింది.

పొద్దుగూకేదాకా అన్నలిద్దరూ బిందెలు మోశారు పాపం. పైడమ్మ దాహమంటే, పోలిరాజు దర్జాగా నూతిలో చేద వేశాడు.

"అదేంటన్నా! కుళాయి నీళ్ళేవి?"

"అన్నీ నూతిలో పోశాం. నీళ్ళుండాల్సింది అక్కడేగా!"

పైడమ్మకి ఏడుపొచ్చేసింది. మంచమ్మీద కూలబడి, "మీతో వేగలేను బాబోయ్! మంచినీళ్ళున్న చోటే ఉంటాను నేను!" అంది.

"ఓస్, ఇంతేనా? దీనికి ఏడుస్తారుటే!"

అంతే! చెరోవైపూ పట్టుకుని, చెల్లెల్ని మంచంతో సహా మోసుకెళ్ళి నడివీధిలో కుళాయి కింద దించారు. "అన్నా, దించండి!" అని ఆవిడ దారిపొడుగునా అరుస్తూనే ఉంది. కుళాయి చుట్టూ నాలుగు కర్రలు పాతి దుప్పటి కూడా కట్టేశారు.

బిందెలతో వచ్చిన ఆడవాళ్ళకి పోలిరాజు చేతులడ్డం పెట్టాడు.

"ఆగండమ్మా ఆగండి! పురుడయ్యాక పట్టుకుందురుగాని!"