మిగులులో సగం

రేవు దాటి వచ్చే బాటసారులు ఆకలితో సొమ్మసిల్లిపోవడం చూడలేక, పడవ నడిపే గంగులు పెళ్ళాం నాంచారమ్మ ఇంటింటికీ తిరిగి గుప్పెడేసి బియ్యం అడిగి, అన్నసత్రం తెరిచింది.

ఆ సంగతి దివాను గుండప్ప చెవిన పడింది. "లాభం లేకుండా ఎవరైనా ఊరికే వండిపెడతారా? రోజూ మిగిలినదాంట్లో సగం నా లోగిలికి చేరాలి. లేదా సత్రం మూసెయ్యాలి!" అని దండోరా వేయించాడు.

నాంచారమ్మ లెక్క వేసుకుంది. సత్రంలో ఏనాడూ మెతుకు మిగల్లేదు. మరి మిగులుతున్నదేమిటి? చుట్టూ చూసి, ఫక్కున నవ్వింది.

ఆ సాయంత్రం దివాను లోగిలికి రాజుగారు విందుకొచ్చారు. సరిగ్గా అప్పుడే నాంచారమ్మ, ఆమె వెనకాల ఊరంతా, మసిపట్టిన గుండిగలు దొర్లించుకుంటూ, గరిటెలు మోగించుకుంటూ వచ్చిపడ్డారు.

"ఏమిటే ఇది?" అని అరిచాడు దివాను.

"తమ వాటా బాబయ్యా! అందరూ తిన్నాక మాకు మిగిలేవి అంట్లే. సగం తెచ్చాం, తోమి పంపించండి."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "దండోరా నీదేగా దివానూ, కానివ్వు!"

దివాను పట్టుపంచె ఎగ్గట్టి, బూడిదా పీచూ పుచ్చుకుని, గుండిగలోకి నడుందాకా దూరాడు. నాంచారమ్మ వంగి, ఎంతో వినయంగా చెప్పింది: "రేపు సంత బాబయ్యా. జనం రెట్టింపు. తమ వాటా కూడా అంతే."

గుండిగలోంచే కేక వినిపించింది: "దండోరా రద్దు!"