కుడికంటి జ్యోతి

దీక్ష పట్టిన ముప్ఫయ్యో రోజు తెల్లవారుజామున సోమశేఖరానికి జ్యోతి కనిపించింది.

కళ్లు మూసుకుని జపం చేసుకుంటుంటే ఓ పక్క తళుక్కుమని మెరిసింది. ఆగి, మళ్లీ మెరిసింది. పెన్న ఒడ్డున ఆ చిన్న ఆశ్రమంలో పదకొండేళ్లుగా అతను ఎదురుచూస్తున్నది దానికోసమే. సోడాబుడ్డి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఇలాంటి మాట కడుపులో దాచుకోవడం ఎవరి తరం? పొద్దెక్కేసరికి అందరికీ తెలిసిపోయింది. తోటి శిష్యులు పక్కకి తప్పుకుని దారివ్వడం మొదలుపెట్టారు. వంట చేసే తాయారమ్మ ఏకంగా కాళ్లకి దణ్ణం పెట్టింది. అతను వద్దనలేదు.

రెండు రోజులు ఆ గౌరవం అనుభవించాకే గురువు పెద్దస్వామి దగ్గరికి వెళ్లాడు. ఆయన బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు.

"స్వామీ, నాకు జ్యోతి కనిపిస్తోంది."

"సంతోషం నాయనా. ఏ కంట్లో?"

ఆ ప్రశ్న సోమశేఖరానికి నచ్చలేదు. "కుడికంట్లో."

"ఎడమకంటి మీద దేవుడికేం కోపమట? సరే, ఇంకేం కనిపిస్తోంది?"

"నల్లటి నలుసులు రాలుతున్నాయి స్వామీ, అటక మీంచి మసి రాలినట్టు. పూర్వకర్మ రాలిపోతోందనుకున్నాను."

స్వామి నవ్వలేదు. చేట పక్కన పెట్టి, అతని ఎడమకన్ను అరచేత్తో మూశారు. "నా కళ్లలోకి చూడు. చూపు కదపకుండా చెప్పు, గడ్డం కనిపిస్తోందా?"

నుదురు కనిపిస్తోంది. కళ్లు కనిపిస్తున్నాయి. ఆ కింద ఏమీ లేదు.

"లేదు స్వామీ. కింద నల్లగా తెర కట్టినట్టుంది." చెబుతుంటేనే కన్ను పోతుందేమోనని మొదటిసారి భయమేసింది. అయినా గింజుకున్నాడు. "నొప్పేమీ లేదు. ఇంకా తొమ్మిది రోజులేగా, దీక్ష కాగానే చూపించుకుంటాను."

దీక్షలో ఉన్నవాళ్లు ఆశ్రమం ముందున్న వాగు దాటకూడదు. పెద్దస్వామికీ అప్పుడు చాతుర్మాస్యం. నలభై ఏళ్లలో ఆ రోజుల్లో ఆయన ఒక్కసారి కూడా వాగు దాటలేదని అందరూ గొప్పగా చెప్పుకుంటారు.

స్వామి లేచి వెళ్లి సోమశేఖరం చెప్పులు చేత్తో తెచ్చి, అతని కాళ్ల ముందు పెట్టారు. తర్వాత పంచె ఎగగట్టి మోకాటిలోతు నీళ్లలో దిగారు. వెనక్కి తిరిగి చూడలేదు. శిష్యుడు వెంట నడవక ఏం చేస్తాడు?

పట్నంలో కంటి డాక్టరమ్మ చుక్కల మందు వేసి, లైటు పెట్టి చాలాసేపు చూసింది.

"కంటి లోపలి పొర చిరిగి ఊడుతోందండీ. నడిమి భాగం ఇంకా అంటుకునే ఉంది. అదీ ఊడితే చూపు రావడం కష్టం. ఇవాళే ఆపరేషన్ చేయాలి."

"నొప్పి లేదు కదమ్మా?"

"దీనికి నొప్పి ఉండదు. అదే దీంతో చిక్కు. మెరుపులూ నలుసులూ ఉన్నట్టుండి మొదలైతే ఆ రోజే పరిగెత్తుకు రావాలి."

నెలన్నర గడిచాక సోమశేఖరం ఎడమకన్ను తానే మూసుకుని కుడికంటితో స్వామిని చూశాడు. తెల్లటి గడ్డం, కొస దాకా కనిపించింది. అంత అందమైనది ఇంతకు ముందెప్పుడూ చూడలేదనిపించింది.

"నా మూలంగా మీ వ్రతం చెడింది స్వామీ."

"వాగు ఎక్కడికి పోతుంది? వచ్చే ఏడూ అక్కడే ఉంటుంది." స్వామి చేట అతని ముందుకి తోశారు. "ఈ రాళ్లేవో నువ్వే ఏరు. నాకు సరిగా ఆనడం లేదు."

మరుసటి ఏడు సోమశేఖరం మళ్లీ దీక్ష పట్టాడు. నలభయ్యో రోజు పొద్దున తాయారమ్మ వంటింటి గడపలో తల పట్టుకుని కూర్చుని ఉంది. ఒక కన్ను చింతనిప్పులా ఉంది. తెల్లవారుజాము నుంచి తలనొప్పి, రెండు వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు. ఎవరో నందివర్ధనం పూలు కంటిమీద పెట్టుకోమన్నారట.

"వేడి చేసిందిలే బాబూ. రేపటితో మీ దీక్ష అయిపోతుందిగా, ఎల్లుండి చూపించుకుందాం."

సోమశేఖరం జపమాల గూట్లో పెట్టాడు. బయటికి వెళ్లి తాయారమ్మ చెప్పులు చేత్తో తెచ్చి, ఆవిడ కాళ్ల ముందు పెట్టాడు.