ఇసకతల్లిని ఎత్తుకుపోయిన కొర్లమ్మ

ఏటికి ఇంకా పేరు పెట్టని కాలం. గట్టుకు ఇంకా మెట్లు కట్టని కాలం. అప్పుడు ఓ ఊళ్లో కొర్లమ్మ ఉండేది. పాపం, నోట మాట లేదు. నా అన్నవాళ్లు లేరు. ఏటి మలుపులో, బురదనేలలో మెట్టతామర పెంచుకునేది. ఆ పూలు చూడాలి మీరు! ఎరుపంటే ఎరుపా అది! మనిషెత్తు మొక్కలు, మంటలు లేచినట్టుండేవి. దుంపలు ఉడకేసుకు తినేది. వెడల్పాటి ఆకులు కోసి, ఊరి జాతరలో అన్నాలకు పంచేది.

ఆ ఊరి దేవత ఇసకతల్లి. మూరెడు కర్రబొమ్మ. ఏటా ఎండాకాలంలో, ఎండిన ఏటి ఇసకలో నిలబెట్టి జాతర చేసేవారు.

ఆ ఏడూ చేశారు. ఊరంతా ఇసకలోనే. డప్పులు, బూరలు, పిల్లల కేకలు! మలుపులో కొర్లమ్మ ఆకులు కోస్తోంది. ఉన్నట్టుండి పాదాలకు చల్లగా నీళ్లు తగిలాయి. తలెత్తి చూసింది. ఎగువన కొండ నల్లబడి ఉంది. దూరంగా హోరు. వరద!

పరుగు, పరుగు, పరుగు. ఊరిపెద్ద నాయుడి చెయ్యి పట్టుకు లాగింది.

"ఆకులు చాల్లేదా? పోయి ఇంకా కోసుకురా!" అన్నాడు నాయుడు.

పూజారి సన్నాసి ముందు నిలబడి కొండవైపు చూపింది.

"పూజలో ఉన్నానే, తప్పుకో!" అన్నాడు సన్నాసి.

ఆడవాళ్ల దగ్గర చేతులు ఊపింది, ఎగిరింది.

"ఒలమ్మో, కొర్లమ్మకు పూనకం వచ్చిందర్రా!" అంటూ వాళ్లూ ఎగిరారు.

కొర్లమ్మకు ఏడుపొచ్చింది. ఎలా చెప్పాలి? ఇంతమందిని ఎలా కదపాలి? ఇసకతల్లి కేసి చూసింది. లటుక్కున బొమ్మను చంకనేసుకుని, గట్టు మీదికి ఒకటే పరుగు!

"దొంగ! దొంగ! తల్లిని ఎత్తుకుపోతోంది!"

ఊరు ఊరంతా వెంటపడింది. డప్పులవాళ్లు, వంటలవాళ్లు, పిల్లల్ని చంకనెత్తుకున్న తల్లులు, కర్రలు పొడుచుకుంటూ ముసలివాళ్లు! ఎవరో రాయి విసిరారు. వెనక్కి తిరిగి చూస్తున్న కొర్లమ్మ నుదురు చిట్లింది. అయినా ఆగలేదు. కాదు కాదు, ఆగింది! ముసలివాళ్లు వెనకబడ్డప్పుడల్లా ఆగి, తల్లిని పైకెత్తి చూపించింది. వాళ్లు ఒళ్లు మండి ఇంకాస్త ఎక్కారు. మళ్లీ పరుగు.

గట్టు మీద నాయుడు ఆమె జుట్టు పట్టుకున్నాడు.

"ఎంత పొగరే నీకు!"

అంతలో కింద ఫెళఫెళా చప్పుడు. తిరిగి చూశారు. పందిరి లేదు. పొయ్యిలు లేవు. ఇసకే లేదు. ఎర్రటి నీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి!

నాయుడి చెయ్యి వదులైంది. తల్లులు పిల్లల్ని తడిమి చూసుకున్నారు. అందరూ ఉన్నారు. సన్నాసి తన పైబట్ట చింపి ఆమె నుదుటికి కట్టాడు. కొర్లమ్మ కూలబడి, చప్పుడు లేకుండా నవ్వింది.

ఆ తర్వాత చాన్నాళ్లు బతికింది. పోయాక గట్టు మీదే మట్టి చేసి, చుట్టూ మెట్టతామర నాటారు.

ఇప్పటికీ ఆ జాతరలో, పూజ మధ్యలో ఓ ఆడమనిషి తల్లిని ఎత్తుకుని పరిగెడుతుంది. "దొంగ! దొంగ!" అంటూ ఊరంతా వెంటపడుతుంది. పైకి చేరాక పూజారి గట్టిగా అడుగుతాడు:

"అందరూ వచ్చారా?"

"వచ్చాం!"

కర్ర పొడుచుకుంటూ ఆఖరి ముసలమ్మ కూడా ఎక్కి "వచ్చానర్రా!" అనేదాకా, అక్కడ ఎవరూ అన్నం ముట్టరు.