ఉయ్యాలలో ముగ్గురు నీలాద్రులు

అనగనగా ఒక రాజు. ఆయన రాజ్యం మణిమంగళపురం, పేరు ఇంద్రకేతుడు. ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, గదినిండా బంగారముంది. ఏముండి ఏం లాభం? పుట్టిన బిడ్డ పుట్టినట్టే కన్నుమూస్తున్నాడు. రాజుగారి బిడ్డ, రాజుగారి బిడ్డ అని లోకమంతా కళ్ళప్పగించి చూస్తుంటే దిష్టి తగలదూ మరి!

మళ్ళీ కొడుకు పుట్టగానే మంత్రసాని గంగవ్వ ఓ ఉపాయం చెప్పింది. అదే రోజు కుమ్మరివారింట ఒకడు, సాలెవారింట ఒకడు పుట్టారు. గంగవ్వ ముగ్గుర్నీ తెప్పించి ఒక్క ఉయ్యాలలో పడుకోబెట్టింది. మూడు చెవుల్లోనూ ఒక్క పేరే చెప్పి ఊపింది. నీలాద్రి, నీలాద్రి, నీలాద్రి! ఎవరిమీద పడాలో తెలియక దిష్టి వచ్చిన దారినే పోయింది. రాజుగారి బిడ్డ బతికాడు.

ముగ్గురూ పెద్దవాళ్ళయ్యారు. కుమ్మరి నీలాద్రి మట్టి తొక్కీ తొక్కీ కండలు పెంచి పెద్ద వస్తాదయ్యాడు. సాలె నీలాద్రి మగ్గం దగ్గర కూనిరాగాలు తీసీ తీసీ గొప్ప గాయకుడయ్యాడు. యువరాజు నీలాద్రి యువరాజే అయ్యాడు, ఇంకేమీ కాలేదు.

అక్కడే వచ్చింది తంటా. నీలాద్రి కుస్తీ చూశావా అంటారు ఊళ్ళో. నీలాద్రి పాట విన్నావా అంటారు. ఎవరూ యువరాజు సంగతెత్తరు. ఆయనకు ఒళ్ళు మండింది. ఇద్దర్నీ పిలిపించి, “నా పేరు నాకిచ్చెయ్యండి. ఇకమీద మీరు వేరే పేరు చూసుకోండి” అన్నాడు.

గాయకుడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వస్తాదు మాత్రం చేతులు కట్టుకుని, “అట్లాగే యువరాజా. తమరు పుట్టబట్టేగా మాకా పేరొచ్చింది” అన్నాడు. ఇద్దరూ పేరు వదిలేసి వెళ్ళిపోయారు.

ఇంతలో పిడుగులాంటి వార్త వచ్చింది. యువరాజుకు కుదిరిన పెళ్ళికూతురు స్వర్ణలేఖను కరాళకంఠుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు! యువరాజు కత్తి పట్టుకుని ఒంటరిగా బయలుదేరాడు. మూడు సముద్రాలు ఓడమీద దాటాడు. మూడు సముద్రాలు తెప్పమీద దాటాడు. ఏడోది ఈదుకుంటూ దాటాడు. ఒడ్డున వలలో చిక్కిన గోరువంక ఒకటి గిలగిల కొట్టుకుంటుంటే జాలిపడి విడిపించాడు.

“నిన్ను వదిలిపెట్టి పోను, దొరా” అని గోరువంక ఆయన భుజమెక్కింది.

మాంత్రికుడి ప్రాణం ఏ చిలకలో ఉందని మీరడుగుతారు, నాకు తెలుసు. ఈ కరాళకంఠుడు చిలకల్ని నమ్మే రకం కాదు. ప్రాణం తన గొంతులోనే దాచుకున్నాడు. ఎవరిని పేరుపెట్టి మూడుసార్లు పిలిస్తే వాళ్ళు నిలువునా రాయైపోతారు. అట్లా రాళ్ళైన రాకుమారులు వాడి తోటనిండా ఉన్నారు. కాకపోతే ఒక్కసారి పిలిస్తే గొంతు బొంగురుపోతుంది. మళ్ళీ పున్నమిదాకా మిరియాల కషాయం తాగుతూ మూలన కూర్చోవాల్సిందే.

“ఎవడ్రా నువ్వు?” అన్నాడు మాంత్రికుడు, తన తోటలోకి వచ్చిన యువరాజును చూసి.

“నీలాద్రిని! లోకంలో ఆ పేరు నాకొక్కడికే ఉంది!” అని రొమ్ము విరుచుకున్నాడు యువరాజు.

“ఒక్కడికేనా? మరీ మంచిది” అని నవ్వి, “నీలాద్రీ!” అని పిలిచాడు. అంతే, యువరాజు నడుందాకా రాయైపోయాడు.

మాంత్రికుడు కషాయానికి పోగానే స్వర్ణలేఖ పరుగున వచ్చింది. “వాడి మంత్రం పేరు పట్టుకుని పోతుందండీ. ఇదివరకు వచ్చిన ఒక రాకుమారుడికి తాతగారి పేరే పెట్టారట. మంత్రంలో సగం ఆ తాతగారికి పోయింది. అందుకే ఆయన కుంటుకుంటూనైనా తప్పించుకున్నాడు. మీ పేరుగలవాళ్ళు ఇంకెవరూ లేరా?”

యువరాజు తల దించుకున్నాడు. “ఉండేవారు. నేనే లేకుండా చేశాను.”

సిగ్గుతో ఆయనకు ఏడుపొచ్చింది. గోరువంకను పిలిచి, “వాళ్ళకు నా తప్పు చెప్పు. క్షమించమను. పేరు మళ్ళీ తీసుకోమని మాత్రం అడక్కు. తీసుకుంటే రాయి వాళ్ళకూ పాకుతుంది” అన్నాడు.

గోరువంక ఏడు సముద్రాలూ దాటి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. అడగొద్దన్న మాట కూడా చెప్పేసింది. పిట్ట నోట్లో మాట ఆగుతుందా?

“ఏమంటావన్నా?” అన్నాడు గాయకుడు.

“అనేదేముందిరా? ఒక్క ఉయ్యాలలో ఊగినవాళ్ళం. పద” అన్నాడు వస్తాదు. గంగవ్వ ఇద్దరి చెవుల్లోనూ మళ్ళీ పేరు చెప్పింది.

పున్నమి వచ్చింది. మాంత్రికుడు రెండోసారి పిలిచాడు. ఇక్కడ వస్తాదు పాదం రాయైంది. గాయకుడి వేళ్ళు బిగుసుకుని తంబురా జారిపోయింది. అక్కడ యువరాజుకు రాయి పొట్టదాకా వచ్చి ఆగింది. మూడో పిలుపుకి మాత్రం ముగ్గురూ సరిపోరని అందరికీ తెలిసిపోయింది.

అప్పుడు వస్తాదు ఆ ఉయ్యాలను భుజానికెత్తుకున్నాడు. రాతిపాదం ఈడ్చుకుంటూ వీధి వీధీ తిరిగాడు. తంబురా లేకుండానే గాయకుడు పాడుతూ ముందు నడిచాడు. “నీలాద్రి ప్రాణం పోతోందయ్యా! తలా కాస్త బరువు పట్టేవాళ్ళు రండయ్యా!”

జనం ఇళ్ళలోంచి పరిగెత్తుకొచ్చారు. చాకలివాళ్ళొచ్చారు, జాలరులొచ్చారు, బోసినోటి అవ్వలొచ్చారు. ఒక్కొక్కరే ఉయ్యాలెక్కడం, గంగవ్వ చెవిలో పేరు చెప్పడం, వస్తాదు ఊపడం. రాజుగారూ ఎక్కారు, రాణిగారూ ఎక్కారు. మంత్రిగారు ఎక్కేసరికి గొలుసు తెగింది. వస్తాదు ఆయన్ని ఉయ్యాలతో సహా రెండు చేతులమీదా ఎత్తి ఊపాడు. గంగవ్వ గొంతెండిపోయినా ఆపలేదు.

మళ్ళీ పున్నమి వచ్చింది. కరాళకంఠుడికి ఒళ్ళు తెలియని కోపమొచ్చింది. రెండోసారి ఎందుకు సరిగ్గా పారలేదో వాడికి అంతుపట్టలేదు. ఈసారి గొంతులో ఉన్నదంతా పెట్టి, కొండలు అదిరేట్టు, “నీలాద్రీ...!” అని అరిచాడు.

మణిమంగళపురంలో అందరూ అన్నాల దగ్గరున్నారు. రాజ్యమంతటికీ ఒక్కసారి పొలమారింది. ఎవరో తలుచుకుంటున్నారు అనుకుని నెత్తిమీద తట్టుకుని, గుక్కెడు నీళ్ళు తాగారు. అంతే!

మాంత్రికుడు మళ్ళీ నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతులో ప్రాణం గొంతుతోనే పోయింది. వాడు దబ్బున పడిపోయాడు. యువరాజు ఒంటిమీద రాయి పెచ్చులు పెచ్చులుగా రాలింది. తోటలో రాళ్ళై ఉన్న రాకుమారులంతా ఆవులిస్తూ లేచారు. వస్తాదు పాదం కదిలింది, గాయకుడి వేళ్ళు విచ్చుకున్నాయి.

స్వర్ణలేఖతో తిరిగొచ్చిన యువరాజు కోటలోకి పోలేదు. నేరుగా కుమ్మరివాడకు పోయి, ఇద్దరినీ చెరో చేత్తో కౌగిలించుకుని, “అన్నల్లారా, మీరుండబట్టి నేనున్నాను” అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

“ఊరుకోండి దొరా, పెళ్ళికొడుకు ఏడవకూడదు” అన్నాడు వస్తాదు, తనూ కళ్ళు తుడుచుకుంటూ.

ఆకాశమంత పందిరి వేసి పెళ్ళి చేశారు. గాయకుడు పాడుతుంటే ఊరు ఊరంతా ఊగిపోయింది. తరవాత నీలాద్రి మహారాజు చాలాకాలం చల్లగా ఏలాడు. ఆయన కొలువులోకి ఎవరైనా వచ్చి, “ప్రభూ, ఊరి చివర నీలాద్రికి ఆకలేస్తోంది” అంటే, ఏ నీలాద్రికి అని ఆ రాజు ఒక్కనాడూ అడగలేదట. తింటున్న కంచం పక్కన పెట్టి లేచేవాడట.