త్రాసు వేలాడిన కప్పు

పూర్వం మాదలవీడనే పట్టణాన్ని రాజధానిగా చేసుకుని రణవిక్రమ భూపతి అనే రాజు ఏలుతుండేవాడు. ఆయన కొలువులో ముమ్మన అనే రాయసకాడు ఉండేవాడు. ప్రజలు పంపుకున్న విన్నపాలను రాజుకు చదివి వినిపించడం, రాజు చెప్పిన మాటను శాసనంగా రాయడం అతని పని. ముమ్మన మంచి మాటకారి. కుర్రతనంలో అతను నోరు తెరిస్తే సభంతా పకపకలాడేది. ఈ కథ జరిగేనాటికి ఆ సరదా అతనిలో చాలావరకు చచ్చిపోయింది.

అందుకు కారణం పెద్దంగడి వీధి.

కోటగోడ లోపల, పట్టణం నడిబొడ్డున, నూట ఇరవై అంగళ్ళున్న వీధి అది. ఒకప్పుడు ఆ వీధిలో పక్కవాడి భుజం రాసుకోకుండా నాలుగడుగులు వేయడం కుదిరేది కాదు. రాజుగారి తాత కాలంలో ఆ అంగళ్ళన్నీ తాటాకు కప్పులే. ముందు బేరం, వెనక కాపురం. ఓ వేసవి మధ్యాహ్నం ఎవరి పొయ్యిలోంచో నిప్పురవ్వ ఎగిరి వీధి వీధంతా తగలబడింది. అప్పుడు తాతగారు ఒక శాసనం చెక్కించి వీధి మొగదల నిలబెట్టించాడు.

“త్రాసు వేలాడే కప్పు కింద పొయ్యి వెలగరాదు, పక్క పరవరాదు. ఒకసారి త్రాసు వేలాడిన కప్పు ఎప్పటికీ అంగడే.”

ఆనాటికి అది మంచి మాటే. తర్వాత తాటాకులు పోయాయి, రాతిగోడలు లేచాయి, పెంకు కప్పులు వచ్చాయి. శాసనం మాత్రం అలాగే ఉండిపోయింది. వర్తకులు నది అవతల కొత్తపాలెంలో కాపురాలు పెట్టుకుని, పొద్దున్నే రెండు కోసులు నడిచి వచ్చేవారు, పొద్దు వాలకముందే తలుపులు వేసుకుని రెండు కోసులు నడిచి పోయేవారు. కాపురాలు లేని వీధికి కొనేవాళ్ళు మాత్రం ఎందుకొస్తారు? ఉప్పూ పప్పూ కొత్తపాలెం సంతలోనే దొరుకుతుంటే కోట దాకా నడిచే ఓపిక ఎవరికుంటుంది? అంగళ్ళు ఒకటొకటిగా మూతపడ్డాయి. పోనీ, మూతపడినదాన్ని బాగుచేసుకుని ఎవరైనా కాపురముందామంటే అదీ కుదరదు. అది ఎప్పటికీ అంగడే కదా! ఇల్లు దొరక్క సాలెవాళ్ళూ కుమ్మరులూ కోటగోడ బయట ఒక్కో గుడిసెలో పదిమంది చొప్పున ఇరుక్కుని ఉంటే, లోపల గబ్బిలాలు విశాలంగా కాపురం చేసేవి.

ఆ వీధి వర్తకులకు పెద్ద విరూపాక్ష సెట్టి. ఏటా ఉగాది కొలువుకు ఆయన ఒక విన్నపం పంపేవాడు. ముమ్మన దాన్ని చదివేవాడు.

“అంగడి మీద మిద్దె వేసుకుని కాపురముండనివ్వండి ప్రభూ. ఖాళీగా పడున్నవాటిని ఇళ్ళు చేసుకోనివ్వండి. పొయ్యి వెలిగితే మనుషులొస్తారు. మనుషులొస్తే బేరాలొస్తాయి. మాకు మరేమీ వద్దు.”

రాజు ఆవులించేవాడు. నగరాధికారి కొమ్మరుసు చేతులు కట్టుకుని లేచేవాడు.

“వీధికి కళ తగ్గింది, అంతే మహాప్రభూ. సున్నం వేయిద్దాం.”

సున్నం వేయించారు. మరుసటేడు మళ్ళీ విన్నపం వచ్చింది. స్వాగత తోరణం కట్టించారు. ఆ మరుసటేడు వీధి నడుమ రాజుగారి నిలువెత్తు విగ్రహం పెట్టించారు. విగ్రహం మీసం మీద చెయ్యివేసుకుని, రెండు వైపులా మూసిన తలుపుల్ని చూస్తూ నిలబడింది. ఇలా పదకొండేళ్ళు గడిచాయి. నూట ఇరవై అంగళ్ళకు పద్నాలుగు మిగిలాయి.

పదకొండో ఏట మాఘమాసంలో సెట్టి భార్య అక్కమ జబ్బుపడింది. ఒకనాటి పొద్దున ఆమెకు కాస్త నెమ్మదిగా ఉందని సెట్టి అంగడికి వచ్చాడు. మధ్యాహ్నం పక్కింటివాళ్ళు కబురు పెట్టారు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, ఆ రెండు కోసులూ పరుగెత్తాడు. ఆయన గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఆడవాళ్ళు ఏడుస్తున్నారు.

పరామర్శకు వెళ్ళిన ముమ్మనతో ఆయన ఒక్కటే మాట అన్నాడు.

“అంగడి మీద ఒక్క గది ఉంటే చాలు కదయ్యా. నేను కింద సరుకు తూస్తుండేవాణ్ణి, తను పైన పడుకునేది. పిలిస్తే వినబడేది.”

ముమ్మన పొద్దు వాలేదాకా ఆయన పక్కనే కూర్చున్నాడు.

ఆ ఉగాదికి కూడా సెట్టి విన్నపం వచ్చింది. ముమ్మన కొలువులో దాన్ని విప్పి నిలబడ్డాడు. ఎంతసేపటికీ పెదవి కదపలేదు.

“ఏం ముమ్మనా, చదవవేం?” అన్నాడు రాజు.

“చదువుతూనే ఉన్నాను ప్రభూ. ఇందులో ఉన్నది ఇంతే.”

తాటాకును తిప్పి చూపించాడు. అటూ ఇటూ ఒక్క అక్షరం లేదు.

కొమ్మరుసు ముఖం వెలిగిపోయింది. “చూశారా మహాప్రభూ! విగ్రహం పెట్టించాక వీధిలో ఫిర్యాదే లేకుండా పోయింది!”

రాజు మీసం దువ్వుకున్నాడు. సభ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల మధ్య నిలబడ్డ ముమ్మనకు మొట్టమొదటిసారి ఆ కొలువంటే అసహ్యం వేసింది. తనంటే అంతకన్నా ఎక్కువ అసహ్యం వేసింది. పదకొండేళ్ళు విన్నపాలు చదివి, చదవడమే సాయం చేయడమనుకున్నాడు.

సాయంకాలం కొత్తపాలెం వెళితే సెట్టి మూటలు కడుతున్నాడు.

“రేవుపట్నం పోతున్నాను. అక్కడ మా అక్క కొడుకు ఉన్నాడు.”

“ఒక్క పక్షం ఆగండి సెట్టిగారూ. ఏదో ఒకటి చేస్తాను.”

“పదకొండేళ్ళు ఆగాను నాయనా. ఇక ఆగి ఎవరికి చూపించాలి?”

ముమ్మన తలవంచుకుని తిరిగి వచ్చాడు. దారంతా ఆలోచించాడు. గెలుస్తానన్న ఆశ అతనికి లేదు. కొలువు పోతుంది, తల కూడా పోవచ్చు. అయినా ఇంకో ఉగాదికి అక్కడ నిలబడి ఇంకో తాటాకు చదవడం మాత్రం తనవల్ల కాదనుకున్నాడు.

ఆ నెలలోనే రాజుగారికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. జన్మనక్షత్రం రోజున తులాభారం తూగాలని రాజుకు ముచ్చట పుట్టింది. పొరుగున ఉన్న గిరిసీమ రాజును అతిథిగా పిలిచారు. కొలువుకూటం దూలానికి పెద్ద త్రాసు వేలాడదీస్తారనీ, ఒక తట్టలో రాజు, ఇంకో తట్టలో బెల్లం ఉంటుందనీ దండోరా వేశారు.

ముమ్మన మర్నాడు చేతులు జోడించి నిలబడ్డాడు.

“ప్రభూ, ఒక సందేహం. మీ తాతగారి త్రాసు శాసనం వర్తకులకే గాని మిగతావాళ్ళకు వర్తించదని ఊళ్ళో కొందరు అనుకుంటున్నారు.”

“ఎవరా తలతిక్కవాళ్ళు?” రాజు గద్దె మీద ముందుకు వంగాడు. “మా తాతగారి మాట అందరికీ ఒకటే!”

“ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూనా ప్రభూ?”

“ఎంతటివాడైనా సరే! ఏ కప్పు అయినా సరే! మినహాయింపు అడిగినవాణ్ణి నగరం దాటించండి. రాయి!”

“శభాష్ మహాప్రభూ!” అన్నాడు కొమ్మరుసు.

ముమ్మన అక్కడికక్కడే రాశాడు. రాజు ముద్ర వేశాడు.

తులాభారం రోజు రానే వచ్చింది. రాజు పొద్దుటినుంచి ఉపవాసం. పట్టుబట్టలు కట్టి, నగలన్నీ పెట్టుకుని తట్టలో కూర్చున్నాడు. ఇటు బెల్లం దిమ్మలు పడుతున్నాయి, అటు వాద్యాలు మోగుతున్నాయి. తూకం సరిపోయేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. రాజు తట్ట దిగి, “ఇక వడ్డించండి. కళ్ళు తిరుగుతున్నాయి” అన్నాడు.

ఎవరూ కదలలేదు. కాసేపటికి వంటపెద్ద వచ్చి సాష్టాంగపడ్డాడు.

“వంట లేదు ప్రభూ. పొయ్యిలన్నీ ఆర్పేశాం. తమ ముద్ర ఉన్న శాసనం తెచ్చి రాయసంగారు చూపించారు.”

ఆ వెనకే పడకటింటి పనివాడు వచ్చాడు. “తమ మంచం, పరుపు బండికెత్తి కొత్తపాలెం పంపించాం ప్రభూ.”

రాజు కళ్ళు ఎర్రబడ్డాయి. “ముమ్మనా!”

ముమ్మన ముందుకు వచ్చాడు.

“కొలువుకూటం, వంటశాల, పడకటిల్లు అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి ప్రభూ. ఆ కప్పుకు ఇవాళ త్రాసు వేలాడింది. మరి పొయ్యి వెలగరాదు, పక్క పరవరాదు.”

“త్రాసు విప్పేయండి! విప్పేయండి!” అని కేకలు పెట్టాడు కొమ్మరుసు.

“విప్పినా లాభం లేదండీ. ఒకసారి త్రాసు వేలాడిన కప్పు ఎప్పటికీ అంగడే. మినహాయింపు అడిగినవాణ్ణి నగరం దాటించమని కూడా ప్రభువులే సెలవిచ్చారు. మీరు ఇప్పుడు అడిగినట్టేనా?”

కొమ్మరుసు చటుక్కున జనం వెనక్కి జారుకున్నాడు.

“ఇప్పుడు నన్నేం చేయమంటావురా?” రాజు గొంతులో కోపం కన్నా ఆకలి ఎక్కువ వినబడింది.

“కొత్తపాలెంలో వంట సిద్ధంగా ఉంది ప్రభూ. రెండు కోసులే. భోంచేసి, పడుకుని, పొద్దున్నే నడిచి వస్తే కొలువు చేసుకోవచ్చు. విరూపాక్ష సెట్టి అనే ముసలాయన ముప్పై ఏళ్ళు అలాగే నడిచాడు. మొన్న మాఘంలో ఆయన భార్య ప్రాణం పోతోందని కబురొస్తే, పాపం, పరుగెత్తాడు కూడా. అందుకోలేకపోయాడు. తమకు ఆ తొందర లేదు, నిదానంగా నడవవచ్చు.”

ముమ్మన కళ్ళు మూసుకున్నాడు.

మొదట నవ్వింది గిరిసీమ రాజు. పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. “బావగారూ! మీ కోట మొత్తం బెల్లపు కొట్టు అయిపోయిందే!”

రణవిక్రముడు ఆయన వంక చూశాడు, త్రాసు వంక చూశాడు, బెల్లం దిమ్మల వంక చూశాడు. మీసం చివర అదిరింది. ఆపుకోలేక ఆయనా ఘొల్లున నవ్వాడు.

“ఓడిపోయానురా ముమ్మనా! ఆ శాసనం రద్దు. ఎవరి కప్పు కింద వాళ్ళు కాపురముండండి, మిద్దెలు కట్టుకోండి, ఖాళీ అంగళ్ళు ఇళ్ళు చేసుకోండి. రాయి, ముద్ర వేస్తాను. ముందు నాకు అన్నం పెట్టించు!”

తన చేతి కడియం తీసి ముమ్మన చేతికి తొడిగాడు. సభ జయజయధ్వానాలు చేసింది.

ముమ్మన ఆ కడియంతోనే గుర్రమెక్కి రేవుదారి పట్టాడు. మూడోనాడు రేవుపట్నంలో ఒక సత్రం అరుగు మీద సెట్టి దొరికాడు. జరిగిందంతా చెప్పాడు. సెట్టి చెవులప్పగించి విన్నాడు. రాజు మంచాన్ని బండికెత్తారన్నప్పుడు చిన్నగా నవ్వాడు కూడా.

“మంచి పని చేశావు నాయనా.”

“బయల్దేరండి మరి. మీ అంగడి మీద మొదటి గది నేను కట్టిస్తాను.”

సెట్టి దారి వంక చూశాడు.

“కట్టిస్తావు. పైన ఎవరు పడుకుంటారు?” అన్నాడు. మొలలోంచి అంగడి తాళంచెవి తీసి ముమ్మన చేతిలో పెట్టాడు. “పిల్లలున్నవాళ్ళకెవరికైనా ఇవ్వు. నేను రాను.”

ముమ్మన ఎంత బతిమాలినా ఆయన లేవలేదు.

సెట్టి అంగట్లోకి పోలమ్మ అనే సాలెవాళ్ళావిడ ముగ్గురు పిల్లలతో దిగింది. ఆ వీధిలో తాతగారి తర్వాత వెలిగిన మొదటి పొయ్యి ఆమెదే. తర్వాత కొందరు వచ్చారు, కొందరు వస్తామని రాలేదు. రేవుపట్నంలో స్థిరపడినవాళ్ళు వెనక్కి తిరిగి చూడలేదు. పాడుపడ్డ కప్పులు కొన్ని మనుషులు చేరేలోపే కూలిపోయాయి.

రాజుకు మాత్రం తులాభారం కథ ఎంత చెప్పినా తనివి తీరేది కాదు. ఏ అతిథి వచ్చినా ముమ్మనను పిలిపించి, మొదటినుంచి చెప్పించి, పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, ఏదో ఒక బహుమానం ఇచ్చేవాడు. వీధిలోకి వెళ్ళి చూసింది మాత్రం లేదు.

మూడేళ్ళ తర్వాత ఒక అతిథి కథంతా విని, “ఇప్పుడా వీధిలో ఎన్ని కాపురాలున్నాయి?” అని అడిగాడు.

రాజు ముమ్మన వైపు తిరిగాడు. “ఎన్ని ముమ్మనా? నూట ఇరవై నిండాయా?”

“తొమ్మిది ప్రభూ.”

“తొమ్మిదేనా! నేను అంత గొప్ప శాసనం ఇస్తే!”

“శాసనంలో లోపం లేదు ప్రభూ. తమరు నవ్వడమే కాస్త ఆలస్యమైంది.”

రాజు ఒక్క క్షణం తెల్లబోయాడు. అంతలోనే తొడ చరుచుకుని, “విన్నారా వీడి చమత్కారం!” అంటూ అతిథికి చూపిస్తూ పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే వేలి ఉంగరం తీసి ముమ్మనకు ఇచ్చాడు.

ముమ్మన వంగి, రెండు చేతులా దాన్ని అందుకున్నాడు.